పన్నెండో పూట నడక

మా ఆయన మూడోసారి వంకరపోయిన నాడు నాకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. మొదటిసారి వంకరపోయినప్పుడు మా అత్త సాయమ్మ పన్నెండు పూటలు ఒళ్ళు పట్టి నిలబెట్టింది. రెండు నెలలు తిరగకముందే ఎడమ భుజం మళ్ళీ కిందికి జారింది. రెండోసారి పట్టింది, అప్పుడూ అంతే. ఇప్పుడు మూడోసారి. మిల్లు నుంచి ఇంటికొచ్చే మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే, గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న నేను చేట పక్కకు నెట్టి "ఇగ చాలు" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

మా ఆయన పేరు లక్ష్మీనర్సయ్య. మిర్యాలగూడలో నరసింహారావు సేటు రైసుమిల్లులో హమాలీ. నిజానికి మాది గొర్రెలు కాసే ఇల్లు. ఊరు సూర్యాపేట దగ్గరి ఆత్మకూరు. సాగర్ కాలువ నీళ్ళొచ్చి ఇటు వరి పండి, మిల్లులు లేచాక, మందను మా మరిదికి వదిలిపెట్టి మేము ఇక్కడికి వచ్చాము. నేను ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి బాల్వాడీలో పిల్లలకు పాటలు చెప్పే పని దొరికింది. మా ఆయనకు చదువు లేదు కాబట్టి డెబ్బై అయిదు కిలోల బస్తా దొరికింది.

ఆ సాయంత్రమే హమాలీ ముఠా మేస్త్రి బీరన్న మా ఇంటికి వచ్చాడు. మంచం వాల్చినా కూర్చోలేదు. కూర్చుంటే మొహమాటం వస్తుందని భయం కాబోలు.

"కోతలు షురూ అయితున్నయ్ చెల్లె. దీపావళి ఎల్లిన తెల్లారి నుంచి లారీల మీద లారీలు లేస్తయ్. గప్పటిదాక సూస్త. బస్తా ఎత్తుకొని బల్ల ఎక్కకపోతే వేరేటోన్ని పెట్టుకోవాలె. నేనేం జెయ్య?" అన్నాడు.

బల్లంటే గోదాము అరుగు నుంచి లారీలోకి వేసే చెక్క. జానెడున్నర వెడల్పు. బరువుతో దాని మీద తూలితే మనిషి మిగలడు. ముఠాలో ఒకసారి జాగా పోతే మళ్ళీ రాదు. దీపావళికి పద్దెనిమిది రోజులున్నాయి.

డాక్టరుకు చూపించలేదా అంటారేమో, చూపించాము. సూర్యాపేటలో ఫోటో తీయించాము. ఎముకలన్నీ బాగానే ఉన్నాయని చెప్పి, బరువులు ఎత్తవద్దని చీటీ రాసిచ్చారు. బరువులెత్తి బతికేవాడు ఆ చీటీని ఏం చేసుకోవాలో మాత్రం అందులో రాయలేదు. దాన్ని నేను పెట్టెలో పెళ్ళి చీర కింద దాచాను, ఎందుకు దాచానో దేవుడికే ఎరుక.

మా అత్త ఒళ్ళు పట్టడం ఊళ్ళో అందరూ పట్టినట్టు కాదు. ఎముకలు పటుక్కుమనిపించడం, మీదెక్కి తొక్కడం ఆమెకు గిట్టదు. కాళ్ళు వంకరగా పుట్టిన గొర్రెపిల్లలను మా మామ ఒళ్ళో వేసుకుని రోజూ కొంచెం కొంచెం సవరించేవాడట. అది చూసి నేర్చింది. ఆయన గొర్రెలకు పట్టాడు, ఈమె మనుషులకు పట్టింది. తెల్లవారుతూనే నేల మీద నల్ల గొంగడి పరుస్తుంది. ఆముదం గోరువెచ్చగా కాస్తుంది. మొదటి పూటంతా కాలివేళ్ళే. మనిషి నొప్పి నడుములో అని మొత్తుకుంటున్నా వేళ్ళు వదలదు. రెండో పూట మడమ, మూడో పూట మోకాలు. అట్లా పైకి వస్తూ వస్తూ ఏడో పూటకు పక్కటెముకల దగ్గరకు చేరుతుంది. అక్కడ అసలు నొక్కదు. చెయ్యి ఆనించి ఊరుకుంటుంది. కాసేపటికి ఆ చేతి కింద ఊపిరి దానంతటదే లోతుగా ఆడుతుంది.

ఎనిమిదో పూట నుంచి ఇంకో తమాషా. మెడ వెనక రెండు వేళ్ళు ఆనించి, "కూసో. లెవ్వు. కూసో. లెవ్వు" అంటుంది.

"నాకు లేవరాదానే అమ్మా?" అని మా ఆయన విసుక్కునేవాడు.

"రాదు. నువ్వు లేస్తలెవ్వు. మెడ నిక్కిచ్చుకొని ఎగబడుతున్నవ్. మల్ల కూసో."

ముప్పై ఏళ్ళ మగవాడికి లేవడం, కూర్చోవడం నేర్పుతుంటే నవ్వొచ్చేది. కానీ ఇరవయ్యోసారి ఆయన లేచిన తీరు చూస్తే నవ్వు ఆగిపోయేది. ఎవరో పైనుంచి సుతారంగా తీసుకున్నట్టు లేచేవాడు.

ఇక పన్నెండోది నడక పూట. అప్పుడు పడుకోబెట్టడం ఉండదు. మనిషి రోజూ నడిచే దారిలో నడుస్తుంటే, వెనక నడుము మీద అరచెయ్యి ఆనించి ఆమె కూడా నడుస్తుంది. నేర్చుకున్నది ఒళ్ళు మరిచిపోకుండా అదొక కట్టు. అంతటితో ఖతం.

అయితే మూడోసారి అయిదో పూటకే మా అత్త చేతులు ఆపేసింది. కొడుకును లేపి గల్లీలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించి చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

"తిరుపతమ్మా, నా చెయ్యి తప్పైతే లేదు. గొర్రె కుంటుతుంటే మీ మామ ముందుగాల ఏం జేసేటోడో ఎరుకేనా? మంద తిరిగిన చెలకకు పోయి, నేలంత సూసి వస్తుండె. నేను రెండుసార్లు వీన్ని సూసిన గని, వీడు నడిచే జాగ సూడలే" అంది.

మరునాడు సద్ది గిన్నె పట్టుకుని మిల్లుకు పోయింది. లారీలు నిలిచే ముందు వైపు ఆడవాళ్ళు పోరు. మాకు వెనకాల వడ్లు ఆరబోసే కల్లమే. అందుకని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుని పొద్దుగూకే దాకా చూసింది. వచ్చి నన్నూ మా ఆయన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"పక్క మిల్లు హమాలీలు కొందరు కుడికి, కొందరు ఎడమకు ఒరుగుతున్నరు. మీ మిల్లోళ్ళు పద్నాలుగు మందికి పద్నాలుగు మంది ఎడమకే. ఎందుకురా?"

ఎందుకో ఊరందరికీ తెలుసు. తెలిసి తెలిసి ఎవరికీ కనిపించనంత పాతబడిపోయింది, అంతే. మిల్లు గోదాములో బయటికి వచ్చే దారికి కుడివైపు గోడ గూట్లో లక్ష్మీదేవి పటం ఉంది. సేటు నాయన మిల్లు పెట్టిన నాడు పెట్టాడు. బయటికి పోయే బస్తా ఆమె ముఖానికి అడ్డం వస్తే మిల్లులో లక్ష్మి నిలవదని ఆయన మాట. కుడి భుజాన బస్తా ఉంటే పటం మరుగవుతుంది. కాబట్టి మా మిల్లులో బస్తా ఎప్పుడూ ఎడమ భుజానే. వేరే మిల్లుల్లో భుజం నొస్తే భుజం మార్చుకుంటారు. మావాళ్ళు పదిహేడేళ్ళుగా మార్చలేదు.

"ఇగ కుడి భుజం మీద ఎత్తుకో" అంది మా అత్త.

"లచ్చిమి మొకం మీద బస్తా ఏస్తనా అమ్మా? నాతోని కాదు."

అదీ సంగతి. సేటు ముందు నిలబడి మాట్లాడలేడని అనుకున్నాను గాని, ఆయన భయం సేటు కాదు, పటం. ఆ రాత్రి నాకు ఆయన మీద వచ్చినంత కోపం సేటు మీద కూడా రాలేదు. వంకరపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిని ఎన్నిసార్లు నిలబెడితే ఏం లాభం?

ఈ గొడవలో ఉండగానే సేటు ఇంటి నుంచి కబురు. సేటు భార్య ఆండాళమ్మ స్వయంగా మా గల్లీకి వచ్చింది. సేటుకు మెడ పట్టేసి ఏడాదయిందట. హైదరాబాదులో మెడకు పట్టా కట్టారట, లాభం లేదట. సాయమ్మ వచ్చి చూడాలట.

"పోకు అత్తా. కొడుకును వంచినోడి మెడ నువ్వు పట్టుడేంది?" అన్నాను, ఆండాళమ్మ వినేటట్టే.

"నొస్తున్నదని పిలిస్తే పోనా పిల్లా. ఒళ్ళు పట్టేది పగ తీర్చుకునేటందుకు కాదు" అని గొంగడి మడిచి చంకన పెట్టుకుంది మా అత్త.

ఆముదం గిన్నె పట్టుకుని నేనూ వెంట పోయాను. చూడాలని కాదు, ఏదైనా అంటే తిప్పి అనాలని. అనే పని పడనే పడింది. మెత్తటి పరుపు వేసి ఉంది. మా అత్త దాన్ని పక్కకు లాగి నేల మీద గొంగడి పరిచింది. ఆండాళమ్మ తెల్ల దుప్పటి తెచ్చి "దీని మీద ఇది వేద్దామా?" అని మెల్లగా అడిగింది.

"గొర్లోళ్ళ గొంగడి అంటుకుంటదనా అమ్మా?" అన్నాను.

మా అత్త నన్ను కళ్ళతోనే ఆపింది. "బొచ్చు గుచ్చుకుంటెనే ఒళ్ళు మేలుకుంటదమ్మా. అంగీ తీసి పండుకో సేటూ" అంది.

సేటు ఉలిక్కిపడ్డాడు. ఆయనను నువ్వు అన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ మిగిలి లేరు. మా అత్త బయట ఎవరినైనా మీరు అంటుంది. గొంగడి మీద పడుకున్నవాళ్ళకు మాత్రం మీరు లేదు. ఎవరైనా సరే, నువ్వే. సేటు అంగీ విప్పి, ఉత్త వీపుతో గొంగడి మీద పడుకున్నాడు. నొప్పి అంత గట్టిది.

అట్లా పొద్దున కొడుకుకు ఆగిన ఆరో పూట నుంచి, సాయంత్రం సేటుకు. సేటుకు రెండు పూటలా పట్టి వెనకబడిన లెక్క సరిచేసిన రోజులూ ఉన్నాయి. దీపావళి నాటికి ఇద్దరికీ పదకొండు పూటలు అయ్యాయి. మా ఆయన నిటారుగా నిలబడ్డాడు. సేటు మెడ కుడికీ ఎడమకూ తిరిగింది. మిగిలింది నడక పూటే.

"సేటుది ఆపు అత్తా. కొడుకు పని గట్టిగైనంకనే నీ పన్నెండోది అని చెప్పు" అన్నాను.

"చేత పట్టిన ఒళ్ళును నడుమల ఇడువను. తప్పు నాది కూడ ఉన్నది బిడ్డా. వీని నడక పూట రెండుసార్లు మన గల్లీలనే జేసిన. వీడు నడిచేది గల్లీలనా? బల్ల మీద. ఆడది బల్ల ఎక్కదని నేనే ఊకున్న. ఇగ ఊకోను" అంది.

దీపావళి మరునాడు పొద్దున, సేటు ఇంటి గడప దిగాడు. ఆయన వెనక మా అత్త, ఆయన నడుము మీద ఆమె అరచెయ్యి. మిర్యాలగూడ బజారు ఆ నడక చూసింది. కొట్టు తెరుస్తున్నవాళ్ళు తాళాలు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. గొర్రెలు కాసిన ఆడది నడిబజారులో సావుకారి నడుము మీద చెయ్యి వేసి నడిపిస్తోంది. సేటు చెవులు ఎర్రబడ్డాయి. రెండుసార్లు అడుగు తొందరపెట్టాడు. రెండుసార్లూ మా అత్త "నిమ్మళంగ" అంది, ఆయన నిమ్మళించాడు. గొంగడి భుజాన వేసుకుని వెనకాల నడుస్తున్న నాకు గర్వంగా ఉందంటే ఉంది, దాచుకోవడం ఎందుకు?

మిల్లు ముందుకు వచ్చాము. కోదాడ పోయే లారీ నిలబడి ఉంది. బీరన్న, హమాలీలు, వాళ్ళలో మా ఆయన. ఆడవాళ్ళిద్దరం ముందు వైపుకు రావడం చూసి ఎవరూ నోరెత్తలేదు, ముందు సేటు ఉన్నాడు కదా. సేటు పోయి గోదాము గుమ్మం పక్కన తన గద్దె మీద కూర్చున్నాడు. మా అత్త చెయ్యి ఇప్పుడు ఆయన మెడ వెనక ఉంది.

మొదటి బస్తా లేచింది. హమాలీ ఎడమ భుజాన పెట్టుకుని గుమ్మం దాటుతుండగా సేటు మెడ గిర్రున పక్కకు తిరిగింది, గూటి వైపు. రెండో బస్తాకూ తిరిగింది. మూడో దానికీ. పటానికి బస్తా అడ్డం వచ్చిందా లేదా అని చూసుకోవడం. పదిహేడేళ్ళుగా, బస్తా బస్తాకూ.

మా అత్త చెయ్యి తీసేసింది. "నీ మెడను తిప్పుతున్నది గదే సేటూ. నా కొడుకు భుజాన్ని ఒంచుతున్నది గూడ గదే" అంది.

సేటు ఇంకోసారి గూటి వైపు చూశాడు. "అది మా నాయన పెట్టిన పటం సాయమ్మా. మెడ పోయినా సరే, కదలదు" అన్నాడు.

"సరే. నీ పన్నెండో పూట అయిపోయింది. ఇగ నా కొడుకుది."

ఆమె మా ఆయన వెనకకు పోయి నడుము మీద అరచెయ్యి ఆనించింది. "కుడి భుజం" అంది.

ఇద్దరు హమాలీలు బస్తా ఎత్తి పట్టుకున్నారు. మా ఆయన కదలలేదు. ఆయన కళ్ళు గూటి వైపే ఉన్నాయి. బస్తా పట్టుకున్నవాళ్ళు బరువును మోకాళ్ళ మీద ఆన్చుకున్నారు. బీరన్న "అరే, ఎడమకు ఎత్తుకోరా, లొల్లి ఎందుకు" అంటున్నాడు. మా ఆయన భుజం ఎడమకు వంగడం మొదలుపెట్టింది. నాకు కనిపించింది. మూడుసార్లు ముప్పై అయిదు పూటల పని నా కళ్ళ ముందే జారిపోతోంది.

నేను అరవలేదు. దగ్గరకు పోయి చెప్పాను. "లచ్చిమి గంత చిన్నదా? నీ ఒక్క బస్తా చాటుకు ఖతమైపోయేటంత చిన్నదా? అయితే గామెను నమ్ముకొని మనం ఏం బతుకుతం?"

ఆయన నన్ను చూశాడు. తరువాత కుడి భుజం బస్తా కింద పెట్టాడు.

బస్తా ఎక్కింది. ఆయన నడిచాడు. వెనక మా అత్త. గూడు దగ్గరకు వచ్చేసరికి మిల్లంతా పని ఆపి చూసింది. నేను కూడా. బస్తా పటాన్ని కమ్మింది. రెండు అడుగులు. తరువాత బస్తా ముందుకు పోయింది, పటం అక్కడే ఉంది. దేవి చేతిలో పువ్వు కూడా అట్లాగే ఉంది.

"లక్ష్మీనర్సయ్యా, బస్తా దించు" అన్నాడు సేటు, గద్దె మీద నుంచి లేచి.

మా ఆయన అప్పటికే బల్ల మీద కాలు పెట్టాడు. ఆగలేదు, వెనక్కు తిరగలేదు. "దించుత సేటూ. లారీల దించుత" అన్నాడు.

ఏడేళ్ళ కాపురంలో ఆయన గొంతు అంత నిమ్మళంగా నేనెప్పుడూ వినలేదు. బల్ల వంగింది, ఊగింది. ఆయన ఊగలేదు. వెనకనే మా అత్త, అరవై ఏళ్ళ మనిషి, ఉత్త కాళ్ళతో ఆ జానెడున్నర చెక్క ఎక్కింది. ఆ బల్ల మీద ఆడదాని కాలు పడడం అదే మొదలు. లారీలో బస్తా దబ్బున పడిన చప్పుడు వినిపించింది.

"ఇయ్యాల్టి నుంచి నీకు ఈ మిల్లుల పని లేదు" అన్నాడు సేటు.

"లేకుంటే లేకపాయె. గిట్లనే నడుసుకుంట పోత" అన్నాడు మా ఆయన, లారీ మీద నిలబడి. నిలబడడం అంటే నిలబడడమే. రెండు భుజాలూ సమంగా.

పని పోయింది, నిజంగానే పోయింది. అయినా నాకు భయం వేయలేదు. సద్ది కట్టుకుని ఆత్మకూరు నడిచిపోయినా ఆ మనిషి పక్కన నడవవచ్చు అనిపించింది.

అప్పుడు బీరన్న కదిలాడు. మా గడపలో కూర్చోవడానికి జంకిన బీరన్న. అందరికంటే ఎక్కువ వంగినవాడు ఆయనే, ఎడమ చెయ్యి మోకాలి దాకా వేలాడుతుంది. పోయి బస్తాల దగ్గర వంగాడు. ఎత్తేవాళ్ళతో, "కుడి దిక్కు ఎయ్యిండ్రి" అన్నాడు. వాళ్ళు వేశారు. ఆయన సేటు ముందు నుంచే నడిచాడు. పటం ఇంకోసారి మరుగయింది, ఇంకోసారి బయటపడింది. ఆయన వెనక ఇంకొకడు. ఇంకొకడు. ఒకడు మాత్రం ఎడమ భుజానే పెట్టుకున్నాడు, అతని కుడి భుజం నిజంగానే నొస్తోందట.

సేటు అయిదో బస్తా దాకా మెడ తిప్పి చూశాడు. ఆరో దానికి తిప్పబోయి ఆగాడు. చెయ్యి మెడ మీద పెట్టుకున్నాడు. లారీని చూశాడు, పద్నాలుగు మందినీ చూశాడు. గుమాస్తాను పిలిచి, "ఈ గద్దె అటు తిప్పు, వీధి దిక్కు. ఇక్కడ గాలి వస్తలేదు" అన్నాడు.

గాలి వచ్చేది అసలు వెనక కిటికీలో నుంచి. ఎవరూ ఆ మాట అనలేదు, నేను కూడా అనలేదు. అదొక్కటి నాలుక చివర దాకా వచ్చి ఆగింది. గద్దె వీధి వైపు తిరిగింది. సేటు గూటికి వీపు పెట్టి కూర్చున్నాడు, మెడ నిటారుగా. ఏ బస్తా పటానికి అడ్డం పోతోందో ఆయనకు ఇక కనిపించదు.

మరునాడు మా ఆయనను పనికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. ఆయన పోయాడు. బస్తా ఎత్తారు. అంతే.

ఆ నడక పూట నాడైతే, లారీ మీద కొడుకు నడుము మీద నుంచి చెయ్యి తీసి, మా అత్త బల్ల మీదుగా ఒక్కతే దిగి వచ్చింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నా ముందు నిలబడి రెండు అరచేతులూ చీరకు తుడుచుకుంది.

"నడక పూట అయిపోయింది. గొంగడి ఇటు ఇయ్యి, నడు" అంది.

ఇచ్చాను. మా ఆయన నాలుగోసారి వంకరపోలేదు.